బంకమట్టి అందరి చేతులకీ అంటాలి

(చోడవరంలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు, పిల్లల తల్లిదండ్రులు, పేటల్లో సాయంత్రం బడులు నడిపే కార్యకర్తలు కలిసిన సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లల చేత బొమ్మలు గీయించడం, బంకమట్టితో, తాటాకుతో, కాగితంతో, పుల్లలతో ఏదో ఒకటి చేయించడం ఎలా? దానికి ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి? ఇదీ ఇవాళ మనం మాట్లాడుకోవాల్సిన సంగతి. భూమి సమస్య ఉంది, కూలి సమస్య ఉంది, శ్మశానానికి దారి లేని సమస్య ఉంది, ఇవన్నీ ఉండగా బొమ్మల గురించి సభ ఏమిటని కొందరు కార్యకర్తలు మమ్మల్ని అడిగారు. అడగడం న్యాయమే. అయితే మన పిల్లాడి చేతికి బడి ఏం నేర్పుతోంది, ఏం నేర్పడం లేదు అన్నది కూడా కుల సమస్యే. చెయ్యి కిందదీ, తల పైదీ అని చెప్పి మన తాత ముత్తాతల్ని కింద కూచోబెట్టారు. ఆ మాట పిల్లాడికి ఆరేళ్ళ వయసులోనే ఎక్కుతుంది. తీసేయాలన్నా ఆ వయసులోనే తీసేయాలి.

మా బడిలో మూడో తరగతి పిల్లలతో మట్టి బొమ్మలు చేయించిన మర్నాడు ఒక తల్లి వచ్చి నిలదీసింది. "మాస్టారూ, మేం మట్టిలో పుట్టి మట్టిలోనే పోతన్నాం. మా గుంటడు ఆ మట్టి ముట్టుకోకూడదనే కదా బడికి పంపినాం. మీరూ మట్టే పిసికిత్తే ఇంక బడెందుకండీ?" అంది. ఆ మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. ఆ తల్లి చదువుకోలేదు గాని చరిత్ర ఆమెకి తెలుసు. ఒంటికి తెలుసు.

ఆ చరిత్ర కొంచెం చెప్పుకుందాం. 1953లో మన విశాఖ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే రాజగోపాలాచారి ప్రభుత్వం ప్రాథమిక విద్యలో ఒక కొత్త పథకం తెచ్చింది. పల్లెటూరి పిల్లలకి రోజుకి మూడు గంటలే బడి. మిగతా పూట ఇంటి దగ్గర తండ్రి చేసే పని నేర్చుకోవాలి. చెప్పులు కుట్టే ఇంటి పిల్లాడు చెప్పులు కుట్టాలి, బట్టలుతికే ఇంటి పిల్లాడు రేవుకి పోవాలి. మరి చేతిపని లేని ఇంటి పిల్లాడో? వాడు మిగతా పూట కూడా పుస్తకమే చదువుకుంటాడు. పెరియార్ దీన్ని కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించాడు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది. ఈలోగా, 1953 అక్టోబర్ 1న, మనం ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చేశాం. పథకం పోయింది గాని ఆ ఆలోచన పోయిందా? మీ ఊళ్ళో బడి ఊడ్చే పిల్లలు ఎవరో చూడండి, తెలుస్తుంది.

దానికంటే ముందు 1937లో వార్ధాలో గాంధీ బేసిక్ విద్య అన్నాడు. నూలు వడకడం లాంటి ఒక చేతివృత్తి చుట్టూ చదువంతా తిప్పాలన్నాడు. ఏ కులం పిల్లాడైనా రాట్నం పట్టాలి అన్నంతవరకూ మంచిదే. కాని పిల్లలు చేసిన సరుకు అమ్మి బడి ఖర్చు తేవాలన్న ఆలోచన కూడా అందులోనే ఉంది. చిన్నపిల్లాడి చెయ్యి నేర్చుకోడానికి ఉందా, సంపాదించడానికి ఉందా? మన పిల్లల చేతులు ఎప్పుడూ సంపాదించడానికే ఉన్నాయి. ఇంక చాలు.

ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటపనివాళ్ళు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలంటోంది. కాగితం మీద బాగానే ఉంది. మనం అడగాల్సింది ఒక్కటే: ఎవరి పిల్లాడు ఎవరి దగ్గరికి పోతాడు? కుమ్మరి పిల్లాడు కుమ్మరి దగ్గరికే పోతే అది 1953 పథకమే. షావుకారు కొడుకు కుమ్మరి దగ్గరా, కుమ్మరి కూతురు కంప్యూటర్ దగ్గరా కూచుంటే అది కొత్త చదువు.

అందుకని ఆ తల్లికి మేం ఇచ్చిన జవాబు ఇది. అమ్మా, నీ భయం నిజమే. నీ కొడుకు ఒక్కడి చేతే మట్టి పిసికిస్తే అది కులవృత్తి. తరగతిలో ఉన్న ముప్పై మందీ, కరణం గారి మనవడితో సహా, ఒకే ముద్ద లోంచి తీసుకుని తమకి తోచింది చేస్తే అది చదువు. మట్టి ఒకటే, చెయ్యి ఒకటే. ఎవరు చేస్తున్నారు, ఎవరు చెప్తే చేస్తున్నారు, చేశాక ఎవరి పేరు పెడుతున్నారు అన్న దగ్గరే తేడా. ఇంకో మాట కూడా చెప్పాం. ఆ గంట వల్ల లెక్కలూ, తెలుగూ తగ్గవు, అక్కడే పెరుగుతాయి. ఎలాగో కాసేపట్లో చెప్తాం.

జోతిబా ఫూలే 1882లోనే హంటర్ కమిషన్ ముందు ఈ సంగతి చెప్పాడు. శూద్రాతిశూద్రుల పిల్లలకి పాఠం చెప్పే పంతులు అవసరమైతే నాగలి పట్టడానికీ, బాడిస పట్టడానికీ సిగ్గుపడనివాడై ఉండాలని కోరాడు. 140 ఏళ్ళు దాటిపోయింది. మనలో ఎంతమంది పంతుళ్ళం చేతికి మట్టి అంటించుకుంటున్నాం?

గుర్తుపెట్టుకోవాల్సిన కట్టుబాట్లు

ఇంక పనిలోకి వద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితే కళలు నేర్పే పార్ట్‌టైం బోధకుణ్ణి పెట్టాలని దాంట్లో ఉంది. ప్రాథమిక పాఠశాలకి అదీ లేదు. 60 మంది పిల్లల దాకా ఇద్దరు పంతుళ్ళే. అంటే చిన్నపిల్లలకి డ్రాయింగ్ మాస్టారు ఎక్కణ్ణుంచో దిగి రాడు. మనమే చెయ్యాలి. చిత్రకారులం కానక్కర్లేదు. ముందుగా ఆలోచించుకుని సిద్ధపడితే చాలు. మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం.

ఒకటి. ఏ పిల్లా డబ్బు పెట్టి ఏదీ కొనకూడదు. "రేపు రంగుపెన్సిళ్ళ పెట్టె తెచ్చుకోండి" అని పంతులు ఒక్క మాట అంటే చాలు, తరగతి రెండు ముక్కలవుతుంది. తెచ్చినవాళ్ళు గీస్తారు, తేనివాళ్ళు చూస్తారు. కూలికి పోయే తల్లి ఆ రాత్రి ఏం చెప్తుంది? పిల్ల మర్నాడు కడుపునొప్పి అని బడి మానేస్తుంది. కాబట్టి సామాను అంతా బడిది. ఒక అట్టపెట్టెలో ఉంటుంది. అందులోంచే అందరూ తీసుకోవాలి, అందులోనే పెట్టాలి.

రెండు. అందరూ ఒకే నేల మీద గుండ్రంగా కూచోవాలి. బాబాసాహెబ్ సతారా బడిలో తన గోనెపట్ట తనే ఇంటి నుంచి తెచ్చుకుని వేరుగా కూచున్నాడు. మళ్ళీ దాన్ని ఇంటికి మోసుకుపోయాడు. మన బళ్ళలో ఎవరూ గోనెపట్ట మోయకపోవచ్చు. కాని గుంపులు చేసేటప్పుడు "మీకు నచ్చినవాళ్ళతో కూచోండి" అని వదిలేస్తే పేట పిల్లలు ఒకవైపు, ఊరి పిల్లలు ఒకవైపు కూచుంటారు. చీట్లు తీసి ఐదుగురేసి చొప్పున కూచోబెట్టండి. ఆడపిల్లా మగపిల్లాడూ కలిసే.

మూడు. పనిలో అన్ని మెట్లూ అందరివీ. నీళ్ళు తేవడం, మట్టి తొక్కడం, బొమ్మ చెయ్యడం, చివర్లో ఊడ్చి కడగడం. ఊడ్చే వంతు కూడా చీటీ తీసే నిర్ణయించాలి. పై ఇంటి పిల్లాడికి చీపురు వచ్చిన రోజు ఇంట్లోవాళ్ళు అడగడానికి వస్తారు. రానివ్వండి. ఈ బళ్ళో ఇదే పద్ధతి అని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి.

నాలుగు. పంతులు బోర్డు మీద నమూనా గీయకూడదు. ఇది ముఖ్యం. "ఇల్లు గీయండ్రా" అనగానే పిల్లలంతా ఏం గీస్తారు? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. ప్రతి పిల్లదీ అదే బొమ్మ. ఆ ఇంట్లో ఎవరుంటారు? ఎవరూ ఉండరు. అది ఏ పిల్ల ఇల్లూ కాదు. అదే మీరు "మీ ఇంట్లో పొయ్యి ఎక్కడుంది? రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు? మేకని ఎక్కడ కడతారు?" అని అడిగి, అప్పుడు గీయమనండి. ముప్పై ఇళ్ళు వస్తాయి. ఒక పిల్ల గోడ తీసేసినట్టు లోపలి మంచం, పొయ్యి, మామ్మ అన్నీ కనిపించేట్టు గీస్తుంది. "గోడ లోంచి ఎలా కనిపిస్తుందే" అని కొట్టెయ్యకండి. ఏడెనిమిదేళ్ళ పిల్లలు ప్రపంచమంతటా అలాగే గీస్తారు. తనకి కనిపించింది కాదు, తనకి తెలిసింది గీస్తారు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1947లోనే పిల్లల బొమ్మల ఎదుగుదల మీద పెద్ద పుస్తకం రాశాడు, దాంట్లో ఇదంతా ఉంది.

ఐదు. బొమ్మ కింద చేసిన పిల్ల పేరు ఉండాలి. మన పెద్దలు కట్టిన గోడలూ, తవ్విన చెరువులూ, కుట్టిన చెప్పులూ, నేసిన గుడ్డలూ ఎన్నో ఉన్నాయి. ఒక్కదాని మీదైనా పేరుందా? పిల్ల తన పేరు తను రాసుకోవాలి. ఒకటో తరగతి పిల్ల అన్నిటికంటే ముందు రాయడం నేర్చుకునేది కూడా ఆ పేరే.

ఆరు. పిల్లలు చేసింది అమ్మకూడదు, వాటికి బహుమతులు పెట్టకూడదు. మొదటి బహుమతి ఒకరికిస్తే మిగతా ఇరవై తొమ్మిది మందికీ నీకు చెయ్యి రాదని చెప్పినట్టే.

ముందు రోజు, ఆ రోజు, తర్వాత

ఏ పనైనా ముందు రోజు సాయంత్రం పంతులు తను ఒకసారి చేసి చూడాలి. ఎంతసేపు పట్టింది, ఎక్కడ చిక్కుపడింది తెలుస్తుంది. మనకి పది నిమిషాలు పడితే పిల్లలకి అరగంట. ఒక పనికి నలభై నిమిషాలు, సర్దడానికి పది నిమిషాలు వేసుకోండి.

ఏ వయసుకి ఏ పని అన్నది కూడా చూసుకోవాలి. ఒకటి, రెండు తరగతుల వాళ్ళ వేళ్ళు ఇంకా గట్టిపడవు. వాళ్ళకి చింపడం, నొక్కడం, దొర్లించడం, అంటించడం, అచ్చు వెయ్యడం ఇవ్వండి. మూడో తరగతికి మొన లేని కత్తెరా, ముడి వెయ్యడమూ. నాలుగు, ఐదు తరగతులకి కొలవడం, కుట్టడం, ముందు బొమ్మ గీసుకుని తర్వాత చెయ్యడం. ఒకే గదిలో ఐదు తరగతులున్న బడి అయితే ప్రతి గుంపులో ఒక ఐదో తరగతి పిల్లని పెట్టండి. కాని చిన్నవాళ్ళది పెద్దవాళ్ళు చేసిపెట్టకూడదు, చూపించాలి.

సామాను సంగతి. జిగురుకి మైదా ఉడకబెట్టుకుంటే చాలు. గోడ మీద పోస్టర్లు అంటించిన చేతులు మనవి, మైదా జిగురు మనకెవరూ నేర్పక్కర్లేదు. అయితే పోస్టర్ల జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాం కదా, పిల్లల జిగురులో అది కలపకూడదు, విషం. ఏ రోజుది ఆ రోజే ఉడకబెట్టుకోండి.

రంగులకి పసుపు ఉంది, పొయ్యిలో బొగ్గు ఉంది, ఎర్రమట్టి ఉంది, తెలుపుకి బియ్యప్పిండి ఉంది. పచ్చటి ఆకు నలిపితే పచ్చ. పసుపునీళ్ళలో చిటికెడు తాంబూలపు సున్నం కలిపితే ఎర్రబడుతుంది. శంఖుపువ్వు నానబెట్టిన నీలిరంగు నీళ్ళలో నిమ్మరసం పిండితే ఊదా అవుతుంది. ఇది బొమ్మల పాఠమూ, సైన్సు పాఠమూ. సున్నం మాత్రం పంతులే కలపాలి, కళ్ళల్లో పడితే ప్రమాదం. రంగు కాగితానికి పట్టడానికి కొంచెం గంజి గాని తుమ్మజిగురు గాని కలపండి. ఈత ఈనె చివర రాయితో దంచితే కుంచె అవుతుంది. కాగితం లేదంటారా? పెళ్ళి శుభలేఖలు, పాత క్యాలెండర్ల వెనకభాగం, సిమెంటు సంచుల లోపలి కాగితం దుమ్ము దులిపి. మన సంఘం కరపత్రాల వెనకభాగం కూడా ఖాళీగానే ఉంటుంది.

పనికిరానివాటితో పిల్లలకి బొమ్మలెలా చెయ్యాలో దేశమంతటికీ చూపించినాయన అరవింద్ గుప్తా. ఐఐటీలో చదివి, 1978 ప్రాంతంలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బళ్ళలో సైన్సు ఎలా నేర్పుతున్నారో చూసి, ఆ దారి పట్టాడు. అగ్గిపుల్లలూ, సైకిలు వాల్వుట్యూబు ముక్కలూ కలిపి త్రిభుజాలూ, ఇళ్ళూ కట్టించాడు. ఏ ఊళ్ళోనైనా సైకిలు షాపు ఉంటుంది కదా.

బడి తెరిచిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా

ఏడాది మొత్తం పని ఒకేసారి రాసి గోడకి అంటించుకుంటే పంతులుకి గాభరా ఉండదు. మేం వేసుకున్నది చెప్తాం. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

జూన్‌లో ఇందాక చెప్పిన ఇంటి బొమ్మ. ముందు సుద్దముక్కతో నేల మీద, తర్వాత బొగ్గుతో కాగితం మీద.

జూలై, ఆగస్టుల్లో వాన, చెరువుమట్టి. రాళ్ళు ఏరి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న పిల్లలే తొక్కాలి. తడిగుడ్డ కప్పి ఉంచండి. ఒక్కొక్కరికి బత్తాయికాయంత ముద్ద. బొటనవేలి కంటే మందంగా చేస్తే ఎండేటప్పుడు పగులుతుంది. కాళ్ళూ చేతులూ అతికేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పల్చటి బురద రాసి నొక్కితే ఊడవు. నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు. మా పిల్లలు చేసినవాటిలో దేవుడి బొమ్మలు రెండో మూడో. మిగతావి ట్రాక్టరు, సెల్‌ఫోను, పంది, అమ్మమ్మ.

సెప్టెంబర్, అక్టోబర్‌లో అచ్చులు. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి వేస్తే ఐదు మూలల చుక్క పడుతుంది. ఆరు అచ్చులేస్తే మూలలెన్ని? ఐదో ఎక్కం వచ్చేసింది. అరటిదూట, ఆకుల ఈనెలు, నల్లేరు కాడ, ఏదైనా అచ్చే. గోనెసంచులు నాలుగు విప్పి కలిపి కుట్టి, దాని మీద తరగతంతా కలిసి ఒకే బొమ్మ వెయ్యొచ్చు: ఊరూ, పేటా, చెరువూ, బడీ. ఊరికీ పేటకీ మధ్య దారి ఎక్కడ గీస్తారో చూడండి. దాని మీద ఒక రోజంతా మాట్లాడుకోవచ్చు.

నవంబర్, డిసెంబర్‌లో బొమ్మలాట. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క అందరికీ తెలుసు. శుభలేఖల అట్ట మీద తలా, మొండెం, చేతులూ వేరువేరుగా కత్తిరించి, కీళ్ళ దగ్గర దారం ముడి వేసి, వెనక గోగుపుల్ల కట్టండి. పాత పంచె ఒకటి, వెనక దీపం ఒకటి. డిసెంబర్ 6 బాబాసాహెబ్ వర్ధంతి. సతారా బడిలో పిల్లాడు దాహమైనా కుళాయి తిప్పుకోడానికి వీల్లేక, ప్యూను వచ్చి తిప్పేదాకా నిలబడ్డ కథ పిల్లలే మాటలు కట్టుకుని ఆడతారు. మాటలు రాసుకోవడమే తెలుగు పాఠం.

జనవరి 3 సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు, వెనకే సంక్రాంతి. ముగ్గులు వెయ్యాలి, మగపిల్లలు కూడా. చుక్కలు లెక్కపెట్టడం, సగానికి మడిచినట్టు రెండు వైపులా సమంగా రావడం, ఇంతకంటే మంచి లెక్కల పాఠం ఏ పుస్తకంలో ఉంది?

ఫిబ్రవరి, మార్చిల్లో మనకి చెరుకు గానుగల రోజులు. ఎండిన పిప్పిని గుడ్డలో కూరి బొమ్మలు కుట్టొచ్చు. తాటాకుతో గిరగిర తిరిగే పంకా, కొబ్బరాకుతో బూర. ముంజలు వచ్చాక తిన్న బుర్రలతో బండి మన పిల్లలకి మనం నేర్పక్కర్లేదు, వాళ్ళే మనకి నేర్పుతారు. ఆ రోజు బళ్ళో పంతులు వాళ్ళే.

ఈ కాలంలోనే పనిమంతుల్ని బడికి పిలవండి. మన దగ్గరే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకి లక్క ఆనించి, ఆ ఒరిపిడి వేడికే రంగు పట్టిస్తారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద అవే ఉన్నాయి. తరిణె దగ్గరికి చిన్నపిల్లల చేతులు పోనివ్వకూడదు, దూరం నుంచి చూపించండి. తిరిగొచ్చాక సీసా మూతకి పుల్ల గుచ్చి బొంగరం చేయించండి. ఏటికొప్పాక బొమ్మ ఢిల్లీ దాకా పోయింది, మంచిదే. మరి మన పేటలో డప్పు కట్టే పెద్దాయన పేటకీ ఊరికీ మధ్య ఉన్న మన బడి దాకా ఎప్పుడైనా వచ్చాడా? ఆయన్నీ పిలవండి. బుట్టలల్లే అమ్మనీ పిలవండి. చెప్పులు కుట్టే ఆయన్నీ పిలవండి. పిలిచినప్పుడు పంతులు కుర్చీలోనే కూచోబెట్టండి. పిల్లలు "గారు" అనాలి. పేరుతో పిలిచి ఎరగని పెద్దాయన్ని "ఏరా" అనే అలవాటు ఊరి పిల్లలకి ఇంటి దగ్గర వస్తుంది, అది ఆ గంటలో పోవాలి. ఆ పూట కూలి పోకుండా కూలి డబ్బులు ఇవ్వాలి. ఆయన డప్పు తోలు ఎలా ఆరబెడతాడు, వేడి చేస్తే శబ్దం ఎందుకు మారుతుంది, చెప్తాడు. తర్వాత పిల్లలందరూ కొబ్బరిచిప్పకి పాత ట్యూబు రబ్బరు లాగి కట్టి తమ డప్పు తాము చేసుకుంటారు. కంచ ఐలయ్య గారు 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో "టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్" అనే పుస్తకం రాశారు. కుండ చెయ్యడంలో, తోలు పదును పెట్టడంలో, పొలం దున్నడంలో ఎంత శాస్త్రం ఉందో అందులో చెప్పారు. గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ దానికి బొమ్మలు వేశారు. పంతుళ్ళు తెప్పించుకుని చదవండి.

ఏప్రిల్ 11 ఫూలే జయంతి, 14 అంబేద్కర్ జయంతి. ఈ నాలుగు రోజులూ పిల్లలు ఏడాదంతా చేసినవి ప్రదర్శన పెట్టండి. రెండు రోజులు బడిలో, రెండు రోజులు పేటలో. పేటలో పెట్టిన రోజు ఊరివాళ్ళు తమ పిల్లల బొమ్మలు చూసుకోడానికి పేటకి రావాలి. పిల్లల కోసమైనా ఆ నాలుగడుగులు వేస్తారేమో చూద్దాం.

మీరు చెయ్యాల్సింది

ఇదంతా పంతుళ్ళ మీద వదిలేస్తే జరగదు. కొందరు పంతుళ్ళకి పరీక్షల భయం, కొందరికి బద్ధకం, కొందరికి మట్టి అంటే అంటు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ, అందులో బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులు వాళ్ళ సంఖ్యకి తగ్గట్టు ఉండాలనీ, సగం మంది ఆడవాళ్ళుండాలనీ విద్యాహక్కు చట్టం 21వ సెక్షను చెప్తోంది. మన తల్లులు ఆ కమిటీలో వేలిముద్ర వేసి వచ్చేస్తే సరిపోదు. "వారానికి ఒక పూట చేతిపని ఉందా? అందరి పిల్లలూ చేస్తున్నారా? ఊడ్చే వంతు ఎవరిది?" ఈ మూడు ప్రశ్నలూ ప్రతి సమావేశంలో అడిగి, మినిట్సు పుస్తకంలో రాయించండి. జిగురుకీ, దారానికీ, పనిమంతుల కూలికీ డబ్బు బడి నిధుల్లోంచి తీర్మానం చేయించండి.

సాయంత్రం బడులు నడిపే తమ్ముళ్ళకి ఒక మాట. మీరు ఎక్కాలు వల్లెవేయిస్తున్నారు, మంచిది. వారంలో ఒక్క సాయంత్రం బొగ్గుముక్క ఇచ్చి మీ పేట బొమ్మ గీయమనండి. పిల్లలు ఏ కుళాయి దగ్గర ఎవరు నిలబడ్డారో, ఏ వీధిలో దీపం లేదో గీసి చూపిస్తారు. మన సంఘం అర్జీ రాయడానికి అంతకంటే మంచి సర్వే ఎవరు చేసిపెడతారు?

పని మొదలుపెట్టడానికి మంచిరోజు చూడక్కర్లేదు. వచ్చే శనివారం మధ్యాహ్నం నుంచే మొదలుపెడదాం. ప్రతి ఊరి నుంచీ వచ్చిన పంతులో, కార్యకర్తో ఒకరు వెళ్ళే ముందు ఆ బల్ల దగ్గర తమ ఊరి పేరు రాయించండి. శుక్రవారం రాత్రి మట్టి నానబెట్టండి, శుభలేఖలు పోగుచెయ్యండి, చీట్లు కత్తిరించి పెట్టుకోండి. నెల తిరిగాక మళ్ళీ ఇక్కడే కూచుందాం. వచ్చేటప్పుడు ఉపన్యాసాలు కాదు, పిల్లలు చేసినవి పట్టుకురండి, కింద వాళ్ళ పేర్లతో.

జై భీమ్.